గోవర్ధనము నేర్పిన పాఠము – దివిసీమ చూపిన మార్గము

ఆపద సంభవించినపుడు మానవుని హృదయమున రెండు ప్రశ్నలు పుట్టును. ఈ ఆపద ఏల వచ్చినది అనునది మొదటిది. ఇపుడు చేయదగినది ఏమి అనునది రెండవది. మొదటి ప్రశ్నను పట్టుకొని కొందరు దూరమున కూర్చుండి, ఆపదకు గురియైనవారి పూర్వకర్మమును లెక్కింప బూనుదురు. “ఆ ఊరివారు ఏ పాపము చేసిరో!” అనుమాట తుఫానులు, వరదలు వచ్చిన ప్రతిసారియు ఎక్కడనో ఒకచోట వినబడుచునే యుండును. ఈ మాట భాగవతధర్మమునకు సమ్మతమగునా అని విచారించుట వైష్ణవ గృహస్థులకు అవశ్యకర్తవ్యము. ఏలనన, మొదటి ప్రశ్నకు ఇచ్చు సమాధానమును బట్టియే రెండవ ప్రశ్నకు సమాధానము మారిపోవును. బాధితుడు తన పాపఫలమును తాను అనుభవించుచున్నాడని నమ్మినవాని చేయి అన్నపుముద్ద అందించుటకు సులభముగా ముందుకు రాదు.

శ్రీమద్భాగవతము దశమస్కంధమునందలి గోవర్ధనోద్ధరణ ఘట్టము ఈ విషయమున స్పష్టమైన త్రోవను చూపుచున్నది. ఆ ఘట్టమును, తెలుగు తీరమున 1977వ సంవత్సరములో సంభవించిన దివిసీమ ఉప్పెనతోను, అటుపిమ్మట జరిగిన పునర్నిర్మాణముతోను కలిపి పరిశీలించినచో పురాణోపదేశము నేటి బ్రతుకునకు ఎంత దగ్గరిదో బోధపడగలదు.

గిరి క్రింద చేరిన గోకులము

నందుడు మొదలగు గోపవృద్ధులు ఇంద్రయాగమునకు సన్నాహము చేయుచుండగా బాలకృష్ణుడు వారిని ప్రశ్నించెను. మనకు పట్టణములు లేవనియు, వనములను గిరులను ఆశ్రయించి బ్రతుకువారమనియు, కావున మనకు బ్రతుకు నిచ్చు గోవులను, గిరిని, విప్రులను పూజించుట యుక్తమనియు పలికెను. ఆ పూజావిధానము గమనింపదగినది. వండిన అన్నమును అందరికిని పెట్టవలెను. సంఘము దూరముగా నుంచినవారికిని, కుక్కలవంటి ప్రాణులకును యథోచితముగా పెట్టవలెను. ఆవులకు పచ్చిక వేయవలెను. ఇట్లు స్వామి విధించెను. ఆపద రాకముందే ఊరంతయు ఒక పంక్తిలో భుజించుట అలవరచుకొన్నదన్నమాట.

యాగభంగమునకు కోపించి ఇంద్రుడు ప్రళయమేఘములను పంపెను. రాళ్లవాన కురిసెను. మిట్టపల్లములు తెలియకుండ భూమి నీట మునిగెను. చలికి వణకుచు గోవులును, గోపగోపికలును స్వామిని శరణు చొచ్చిరి. అప్పుడు స్వామి చేసిన కార్యమున నాలుగు విశేషములు కలవు.

మొదటిది: స్వామి ఎవ్వరి పాపమును విచారింపలేదు. శరణన్నవారిని రక్షించుట తన వ్రతమని తలచి గిరిని ఎత్తెను. రెండవది: గోవులతో, బండ్లతో, తమను నమ్ముకొన్నవారితో సహా అందరును లోనికి రండని పిలిచెను. ఒక్క ప్రాణియైనను గిరి వెలుపల మిగులలేదు. మూడవది: ఏడు దినములును కదలక నిలిచి, వాన వెలిసి, నదుల నీరు తగ్గిన పిమ్మటనే ఇక భయము లేదు వెలుపలికి రండని చెప్పెను. గోపకులు సామగ్రిని బండ్లకెత్తుకొని, స్త్రీలు, బాలురు, వృద్ధులు మెల్లమెల్లగా నడచుచుండగా వెడలిరని భాగవతము చెప్పుచున్నది. ఆ “మెల్లగా” అనుమాటలో ఎంతయో దయ కలదు. బలవంతుని నడకను బట్టికాక, బలహీనుని నడకను బట్టి ఊరు కదలినది. నాలుగవది: అందరును వెడలిన పిమ్మట స్వామి గిరిని మునుపటివలె దాని స్థానమున నిలిపెను. రక్షించిన కొండను మరల రక్షించుట అను కార్యముతోనే ఆ ఘట్టము ముగిసినది.

చిత్రకారులు ఈ దృశ్యమును వ్రాయునపుడు గోపబాలకులు తమ చేతికర్రలను గిరికి ఊతముగా ఆనించినట్లు చిత్రించుచుందురు. ఆ కర్రలతో కొండ నిలువదని అందరును ఎరుగుదురు. అయినను కర్ర ఆనించినవానికి కలిగిన ధన్యత ఊరక నిలుచున్నవానికి కలుగదు. కొండ నెత్తుట స్వామి పని, కర్ర ఆనించుట మన పని.

దివిసీమ – నాటి కార్తికమాసము

కృష్ణవేణి పులిగడ్డచెంత రెండు పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆ పాయల నడుమనున్న లంకభూమియే దివిసీమ. ఆ ప్రాంతము వైష్ణవులకు చిరపరిచితము. సాగరసంగమస్థానమున హంసలదీవి వేణుగోపాలస్వామి వెలసియున్నాడు. మాఘపూర్ణిమనాడు వేలాది భక్తులు అచ్చట సంగమస్నానము చేయుదురు. ఆ చుట్టుప్రట్లనే, ఘంటసాల మండలమునందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కొలువై యున్నాడు. శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి ఆముక్తమాల్యదను తెలుగున రచింపుమని ఆనతిచ్చిన స్వామి ఈయనయే.

ఇట్టి పుణ్యభూమి మీద 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన పెనుతుఫాను విరుచుకుపడెను. అది కార్తికమాసము. వరిచేలు పండి కోతకు సిద్ధముగా నుండెను. గాలివేగమునకు తోడు సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్లమీదికి వచ్చెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయెను. మృతులు సుమారు 10,000 మంది అని ప్రభుత్వపు లెక్కలు చెప్పినవి. అంతకంటె మిక్కిలి ఎక్కువయని ఆ ప్రాంతపువారి మాట. పశువులు లెక్కకు మించి చనిపోయెను.

ఉప్పెన ఎట్లు పుట్టునో తెలిసికొనుట మేలు. తుఫాను నడుమ వాయుపీడనము తగ్గును. దాని చుట్టును తిరుగు ప్రచండవాయువు సముద్రజలమును తీరమువైపునకు త్రోయును. లోతు గల సముద్రమున ఆ జలము క్రిందికి దిగి వెనుకకు మరలిపోవును. లోతు లేని తీరమున దానికి క్రిందికి దిగు చోటు లేక గోడవలె పైకి లేచును. కృష్ణా గోదావరుల ముఖద్వారములచెంత తీరము లోతు లేనిది, భూమి పల్లమైనది. అందుచేతనే ఈ ప్రాంతమునకు ఉప్పెనలు క్రొత్త కావు. 1839లో కోరంగి రేవు ఉప్పెనచే నాశనమైనది. 1864 నవంబరులో మచిలీపట్టణమున సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఈ వరుసను చూచినచో ఒక విషయము తేటపడును. ఉప్పెన ఒక ఊరివారి పాపమును వెదకికొని రాలేదు. గాలి, నీరు, నేల పల్లము కలిసినచోటికి వచ్చినది. ప్రాణనష్టము మాత్రము వేరొక లెక్కను అనుసరించినది. గట్టి మేడయున్నవాడు మిద్దె యెక్కి బ్రతికెను. తాటాకు గుడిసెలో పిల్లలతో నిద్రించినవాడు కొట్టుకొనిపోయెను. దీనిని పాపపుణ్యముల లెక్కయనుట సాహసము. ఇది కలిమిలేముల లెక్క. మానవులు సరిదిద్దదగిన లెక్క.

తిరిగి లేచిన ఊళ్లు

ఉప్పెన తీసిన పిమ్మట తొలుదొలుత చేయవలసివచ్చిన కార్యములు మాటలకందనివి. మృతులకు అంత్యసంస్కారము, పశుకళేబరములను పూడ్చుట, త్రాగునీటికి దారి చూచుట, అనాథలైన పిల్లలను చేరదీయుట, ఇవన్నియు ఏకకాలమున జరుగవలసియుండెను. బ్రతికినవారే కన్నీరు తుడుచుకొని ముందుగా ఆ పనులకు పూనుకొనిరి. వెనువెంట రాష్ట్రము నలుమూలలనుండి విద్యార్థులు, స్వచ్ఛందసేవకులు తరలివచ్చిరి. దివిసీమకు చెందిన ప్రజానాయకుడు మండలి వెంకటకృష్ణారావు సహాయ పునరావాస కార్యక్రమములలో ముందు నిలిచెను. చలనచిత్రనటులు నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు ప్రభృతులు జోలెపట్టి విరాళములు ప్రోగుచేసిరి. రామకృష్ణమిషన్ వంటి సేవాసంస్థలు అన్నవస్త్రములు అందించుటయే గాక, బాధితులకు పక్కాయిండ్లు కట్టించు కార్యమును చేపట్టెను.

పైనుండి వచ్చిన సహాయము ఎంత గొప్పదైనను ఊరు తిరిగి ఊరగుటకు ఊరివారి చేతులే ముఖ్యమగును. ఉప్పునీరు నిలిచిన పొలము సంగతియే ఇందుకు నిదర్శనము. సముద్రజలము ముంచిన భూమిలో ఉప్పు పేరుకొని పైరు మొలకెత్తదు. అట్టి భూమిని బాగుచేయుటకు రైతులు ఎరిగిన క్రమమొకటి కలదు. గట్లు వేసి, మంచినీరు నిలువగట్టి, ఆ నీటిలో ఉప్పు కరగిన పిమ్మట మురుగుకాలువలోనికి వదలవలెను. ఇట్లు పలుమార్లు చేయవలెను. జిప్సము చల్లి, జీలుగు విత్తి, పచ్చిరొట్టగా కలియదున్నవలెను. చౌడుకు ఓర్చు వరిరకములను ఏరి నాటవలెను. చెరువులను, బావులను తోడి, పూడిక తీసి, వాననీటితో తిరిగి నింపుకొనవలెను. ఇందులో ఏ ఒక్కటియు ఒక్క కుటుంబముచే సాగునది కాదు. ఎగువరైతు వదలిన ఉప్పునీరు దిగువరైతు చేలో చేరినచో ఫలమేమి? మురుగుకాలువ అందరిది. అందరును కలిసి త్రవ్వినప్పుడే అది పారును. గోవర్ధనగిరి క్రింద తావు అందరిదైనట్లే, ఆపదవేళ కాలువయు, చెరువుగట్టును అందరివి.

ఈ సత్యము ఒక్క దివిసీమకు పరిమితము కాదు. 2018 ఆగస్టులో కేరళమున మహావరదలు వచ్చినపుడు సముద్రతీరపు బెస్తలు తమ పడవలను లారీలకెక్కించుకొని మునిగిన పట్టణములకు వచ్చి వేలాది జనులను కాపాడిరి. పిలుపుకొరకు వారు వేచియుండలేదు, కులమతములు అడుగలేదు. చాపిన చేయి కనబడినచోటికెల్ల పడవను నడిపిరి.

సత్యవ్రతుని నావ

మత్స్యావతారకథలో సత్యవ్రతమహారాజు కృతమాలానదిలో జలతర్పణము చేయుచుండగా దోసిట చిన్నచేప చేరెను. దానిని ఆయన దయతో కాపాడెను. ఆ చేపరూపమున నున్న స్వామి, నేటికి ఏడవదినమున లోకములు నీట మునుగునని, నావ యొకటి వచ్చునని, ఓషధులను, సమస్తబీజములను గ్రహించి సప్తర్షులతో దాని నెక్కుమని ఆనతిచ్చెను. ప్రళయమును ఆపెదనని స్వామి చెప్పలేదు. అది వచ్చు దినమును ముందుగా చెప్పి, సిద్ధపడుమనెను. రాజు ఆ మాటను నమ్మి, విత్తనములు కూర్చుకొని కాచుకొనియుండెను. ముందుగా తెలుపుట భగవదనుగ్రహము, తెలిపినదానిని నమ్మి కదలుట జీవుని కర్తవ్యము.

1977లో తీరవాసులకు ఈ రెండును కొరవడెను. హెచ్చరిక అందరి చెవిని పడలేదు. పడినవారికిని పోదగిన తావు లేదు. అటుపిమ్మట తీరమున తుఫాను రక్షణకేంద్రములు నిర్మింపబడెను. ఎత్తైన స్తంభములమీద నిలిచి, క్రింద నీరు పారిపోవుటకు వీలుగా కట్టిన ఆ భవనములలో కొన్ని మామూలు దినములలో పాఠశాలలుగా ఉపయోగపడుచుండును. 1990 మే 9వ తేదీన ఇంచుమించు అంతే బలముగల తుఫాను కృష్ణాముఖద్వారము సమీపముననే తీరము దాటెను. ఈసారి లక్షలాది ప్రజలను ముందుగా సురక్షితస్థలములకు చేర్చిరి. ఆస్తినష్టము అపారముగా జరిగినను, ప్రాణనష్టము 1,000లోపే యుండెను. అదికూడ తక్కువయని ఎవ్వరును అనలేరు. కాని 10,000కును 1,000కును నడుమనున్న వ్యత్యాసము హెచ్చరిక, ఆశ్రయము అను రెండింటివలన కలిగినది.

శ్రీజగన్నాథుడు వెలసిన ఓఢ్రదేశమున ఈ పాఠము మరింత స్పష్టముగా కనబడును. 1999 అక్టోబరు 29న వచ్చిన మహాతుఫానులో అచ్చట దాదాపు 10,000 మంది మరణించిరి. పిమ్మట ఆ రాష్ట్రము ప్రత్యేక సంస్థను ఏర్పరచి, ఊరూర రక్షణకేంద్రములను కట్టి, గ్రామయువకులకు శిక్షణ నిచ్చెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురముచెంత తీరము దాటినపుడు మరణములు పదులలోనే నిలిచెను. 2019 మే 3న ఫణి తుఫాను పూరీక్షేత్రమునే తాకెను. అంతకుముందే సుమారు 12 లక్షలమందిని తరలించిరి. మరణించినవారు 64 మంది. గంజాం జిల్లాలోని వెంకటరాయపురము అను మత్స్యకారగ్రామము సునామీని ఎదుర్కొనుటకు సిద్ధమైన గ్రామముగా 2020లో యునెస్కో గుర్తింపు పొందినది. ఊరిలో ఏ త్రోవన పోవలెనో, వృద్ధులను ఎవరు మోయవలెనో ముందే నిర్ణయించుకొని, అభ్యాసము చేసినవారికే అట్టి గుర్తింపు దక్కును. కల్యాణోత్సవమునకు పల్లకి మోయువారిని ముందుగా ఏర్పరచుకొను ఊరికి, ఆపదవేళ ముసలివారిని మోయువారిని ఏర్పరచుకొనుట కష్టము కాదు.

చెట్ల ఔదార్యము

దశమస్కంధమున మరియొక రమ్యసన్నివేశము కలదు. వేసవిలో గోపబాలకులతో నడచుచు శ్రీకృష్ణుడు దారిప్రక్కనున్న వృక్షములను చూపి, వీరి జన్మము ఎంత ధన్యమో చూడుడని పలికెను. గాలిని, వానను, ఎండను, మంచును తాము సహించి మనకు తగులకుండ అడ్డుకొనుచున్నవని, ఆకులు, పూలు, పండ్లు, నీడ, వేళ్లు, బెరడు, కట్టె అన్నియు పరులకే ఇచ్చుచున్నవని కొనియాడెను. స్వామి మొదట చెప్పిన గుణము గాలివానలను అడ్డుకొనుటయే. తీరవాసులు ఈ మాటను ఇంటి గోడమీద వ్రాసికొనదగును.

కృష్ణా గోదావరుల ముఖద్వారములయందు మడఅడవులు కలవు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలగు వృక్షములు ఉప్పునీటిలోనే బ్రతుకును. కొన్నిటి వేళ్లు బురదలోనుండి మేకులవలె పైకి వచ్చి గాలి పీల్చుకొనును. మరికొన్ని ఊతకర్రలవలె నలుదెసల దిగి చెట్టును నిలుపును. అలలు ఆ వేళ్లలో చిక్కి వేగమును కోల్పోవును. బురద నిలిచి తీరము కోతపడకుండును. రొయ్యలు, పీతలు, చేపలు ఆ నీడలోనే పిల్లలను పెంచుకొనును. కావున మడఅడవి తుఫానునాడు కోట, మామూలునాడు పేదల పంటపొలము.

ఒడిశాలోని కేంద్రాపడా జిల్లాలో 1999 తుఫాను మరణములను పరిశోధకులు ఊరూర పోల్చి చూచి 2009లో ప్రకటించిరి. సముద్రమునకును ఊరికిని నడుమ మడఅడవి వెడల్పుగా నున్నచోట మరణములు తక్కువయని తేలెను. ముందస్తు హెచ్చరికవలన అంతకంటె ఎక్కువమంది బ్రతికిరని కూడ వారు తెలిపిరి. కావున చెట్టు నాటితిమి గదా అని హెచ్చరికను పెడచెవిని పెట్టరాదు. హెచ్చరిక కలదు గదా అని చెట్టును కొట్టరాదు. తమిళనాట నాగపట్టణము జిల్లాలోని నాలువేదపతి గ్రామస్థులు 2002లో ఒక్కదినమున సుమారు 80,000 మొక్కలు నాటిరి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు ఆ తోపు ఆ ఊరికి అడ్డుగా నిలిచెను. నాటినవారు రికార్డుకొరకు నాటిరి, చెట్లు మాత్రము తమ ధర్మమును తాము నెరవేర్చెను.

మన తీరమున జరిగిన చరిత్రలో మంచియు చెడ్డయు కలిసియున్నవి. 1977 తరువాత తీరమువెంట సరుగుడుతోపులు పెంచిరి. 1990ల దశకమున రొయ్యలచెరువులు విస్తరించినపుడు మాత్రము లాభాపేక్షచే తీరభూముల రూపమే మారిపోయెను. చెరువుల ఉప్పునీరు ఊరి మంచినీటిని పాడుచేసెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమండలములోని రొయ్యలచెరువులనుగూర్చి కఠినమైన తీర్పు నిచ్చెను. ఆ కాలముననే వేరొక సత్కార్యమును మొదలయ్యెను. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామముల ప్రజలు కలిసి కృష్ణా గోదావరి మడఅడవులను పునరుద్ధరింప బూనిరి. చెట్లు చచ్చిన పల్లములలో నీరు నిలిచి, ఎండకు ఆవిరియై ఉప్పు పేరుకొనుటయే మొక్కలు బ్రతుకకపోవుటకు కారణమని గుర్తించిరి. చేపముల్లు ఆకారమున నడుమ పెద్దకాలువను, ఇరుప్రక్కల పిల్లకాలువలను త్రవ్వి పోటుపాటుల నీరు వచ్చిపోవునట్లు చేసిరి. ఉప్పు కడుగుకొనిపోగా మడమొక్కలు నిలద్రొక్కుకొనెను. కాలువలను త్రవ్వినవారును, పశువులు తినకుండ మొక్కలను కాచినవారును ఆ ఊళ్ల బెస్తలే, కూలీలే. గిరిని దాని స్థానమున తిరిగి నిలుపుట యనగా ఇదియే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సింహాచలేశుని సన్నిధియైన విశాఖపట్టణమును తాకినపుడు వేలాది వృక్షములు కూలెను. తొందరగా పెరుగునను ఆశతో నాటిన చెట్లు పెనుగాలికి నిలుచునా అని నాటుటకు ముందే యోచింపవలెను. రావి, మఱ్ఱి, వేప, చింత, పొగడ వంటివానిని దేవాలయప్రాంగణములలో పెద్దలు నాటుటలో భక్తియు కలదు, అనుభవమును కలదు. నాటునపుడు నేలను, గాలిని, వేరు దిగు లోతును చూచి ఎన్నుకొనవలెను.

రంతిదేవుని పంక్తి

ఆపద తరువాత వచ్చు పరీక్ష పంపకము. నవమస్కంధమునందలి రంతిదేవుడు 48 దినములు అన్నపానములు లేక, 49వ నాడు దొరికిన కొలదిపాటి ఆహారమును భుజింప బూనెను. అంతలో ఒక విప్రుడు, ఒక శూద్రుడు, కుక్కలతో ఒకడు వరుసగా వచ్చిరి. ఆయన అందరికిని పెట్టెను. మిగిలిన ఒక్కని దప్పికకు చాలు నీటిని, కడపట వచ్చిన అంత్యజునకు ఇచ్చెను. తనకు సిద్ధులు వలదు, మోక్షమును వలదు, సమస్తజీవుల హృదయములలో నిలిచి వారి దుఃఖమును తాననుభవించి వారిని సుఖింపజేయుటయే కావలెనని కోరెను.

సహాయశిబిరములలో బలముగలవాడు ముందు నిలుచును. భూమి ఎవనిపేర నున్నదో వానికి పంటనష్టపు సొమ్ము చేరును. ఆ భూమిని కౌలుకు దున్ని, అప్పుచేసి ఎరువు వేసినవానికి తరచు ఏమియు దక్కదు. విధవ, వికలాంగుడు, పొరుగూరినుండి కోతకు వచ్చిన కూలీ జాబితాలో చివర నుందురు, లేదా ఉండనే యుండరు. రంతిదేవుని పంక్తిలో చివర వచ్చినవాడే స్వామి యని కథ తేల్చినది. ఆ అతిథులరూపమున వచ్చినవారు త్రిభువనేశ్వరులని భాగవతము చెప్పుచున్నది గదా! కావున ఊరిపెద్దలు జాబితాను పైనుండికాక క్రిందినుండి వ్రాయవలెను. సర్వభూతములయందున్న భగవంతుని ఉపేక్షించి విగ్రహమును మాత్రము పూజించుట బూడిదలో హోమము చేయుటవంటిదని తృతీయస్కంధమున కపిలమహర్షి తన తల్లికి బోధించెను. విగ్రహపూజను వలదని ఆయన అనలేదు. ఆ పూజ పొరుగువాని ఆకలిదాక ప్రసరింపవలెనని ఆయన ఆశయము.

గృహస్థులు ఆచరింపదగినవి

భాగవతగోష్ఠులు, భజనమండలులు గ్రామగ్రామమునను కలవు. వారమున కొక్కసారి కలిసికొను ఆ సభ్యులకు ప్రతి ఇంటి సంగతియు తెలియును. ఏ ఇంట మంచముపట్టినవారున్నారో, ఏ ఇంట నెలలునిండిన స్త్రీ యున్నదో, ఎవరికి చెవులు వినబడవో వారికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. ఆ పేర్లను ఒక పుస్తకమున వ్రాసి, ఒక్కొక్కరికి ఇరువురు సేవకులను ఏర్పరచుట ఒక కైంకర్యము. హెచ్చరిక వచ్చినపుడు దేవాలయపు గంటను, మైకును అందుకు వినియోగించుట మరియొకటి.

సత్యవ్రతుని ఆదర్శముగా ప్రతి గృహస్థుడు మెట్టపంట, వరి, కూరగాయల విత్తనములలో కొంత గట్టిమూతగల పాత్రలో ఎత్తుచోట దాచవలెను. భూమిపత్రములు, గుర్తింపుకాగితములు నీరు చొరని సంచిలో నుంచవలెను. త్రాగునీటిని ముందే పట్టి యుంచవలెను. పశువుల పలుపులు విప్పి మెరకకు తోలవలెను. కట్టివేసిన పశువు ఈదలేదు. గోపకులు గోవులను విడిచి గిరి క్రిందికి రాలేదని మరువరాదు.

రక్షణకేంద్రము ఊరివారి ఆలయముతో సమానము. దాని తలుపులు, మరుగుదొడ్లు, నీటితొట్టి సరిగా నున్నవో లేదో వర్షకాలమునకు ముందు చూచుకొనవలెను. ఆ కేంద్రమున ఎవరికిని ఏ కారణముచేతను తావు లేదనరాదు. ఆపదనాడు అచ్చట వండు అన్నము ఒక్కటే పంక్తిలో వడ్డింపబడవలెను.

క్షేత్రయాత్ర చేయువారును ఈ ధర్మమునుండి తప్పించుకొనలేరు. సంగమస్నానమునకు పోయినచోట ప్లాస్టిక్ సంచులను, వస్త్రములను నీటిలో విడువరాదు. అవి పోటుకు కొట్టుకొనిపోయి మడవేళ్లకు చుట్టుకొని క్రొత్తమొక్కలను చంపును. కొండ మీద, తీరమున, ఏటిగట్టున మొలచిన మొక్కను విరువరాదు. బిడ్డ పుట్టినపుడు, ఇల్లు కట్టినపుడు ఒక చెట్టు నాటి మూడేండ్లు నీరు పోయుదమని సంకల్పించుట మంచి వ్రతము. నాటుట ఒకనాటి ఉత్సవము, పెంచుటయే వ్రతము.

ఇవి చిన్నపనులుగా తోచవచ్చును. సముద్రము 5 మీటర్ల ఎత్తున లేచి వచ్చునపుడు ఒక పుస్తకము, ఒక విత్తనపుమూట, ఒక మడమొక్క ఏమి చేయగలవని శంక కలుగవచ్చును. గోపబాలకుని చేతికర్రయు అట్టిదే. 1977నాటి దివిసీమలో అట్టి కర్రలు కొరవడెను. 1990నాటికి కొన్ని చేరెను. ఆ కొన్నింటిచేతనే వేలప్రాణములు నిలిచెను. గిరిధరుడు ఎత్తిన కొండ క్రింద తన వంతు ఊత ఆనించువాడే ఆ గోకులమున తానును ఒకడని చెప్పుకొనుటకు అర్హుడు. శ్రీవేణుగోపాలుని కృప తీరవాసులందరిపై ప్రసరించుగాక! ఆ కృపను అందుకొను చేతులు పొరుగువానివైపును చాపబడుగాక!